మార్కుల షీటులో లేని తెలుగు

మా అన్న కూతురు ప్లస్ టూ పాసైంది. తమిళనాడులోని విరుదునగర్‌లో ఉన్నా మా ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే. మార్కుల షీటులో మాత్రం తమిళం, ఇంగ్లీషు. కాలిఫోర్నియాలో 2011లో చట్టం చేసి, ఇంగ్లీషుతో పాటు ఇంకో భాష బాగా వచ్చిన హైస్కూలు పిల్లల డిప్లొమా మీద ముద్ర వేస్తున్నారు. మనకూ ఉంటే బాగుణ్ణు అనుకున్నా. కానీ దానికి చదవడం, రాయడం కూడా రావాలి కదా! మా పిల్ల వాట్సాప్‌లో "అన్నం తింటివా అవ్వా" అని పంపేది తమిళ అక్షరాల్లో. అవ్వ చదివేదీ అలాగే.

మనవాళ్ళు తమిళంలో రాయడం కొత్తేం కాదు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన రచయిత కి. రాజనారాయణన్‌కి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, తమిళ నవలకి. ఆయన మరో నవల 'గోపల్ల గ్రామం' నిండా మనవాళ్ళ వలస కథే.

తెలుగు చదవడం, రాయడం కూడా వచ్చేలా ఈ సెలవుల్లో మీ పిల్లలకో పెద్దబాలశిక్ష కొనివ్వండి.