ఆమెన్ అన్న తరువాత

బెల్లంపల్లిలో ఇంటి కూటం ఎన్ని గంటలకంటే గని షిఫ్టు చూసుకుని చెప్పాలి. 1920ల చివర్లో బొగ్గు కోసం పుట్టిన ఊరిది. పాత గనులు చాలావరకు మూతబడ్డాక కూడా ఇక్కడి కార్మికులు మందమర్రి, శ్రీరాంపూర్ వైపు డ్యూటీలకు పోయివస్తున్నారు. షిఫ్టు దిగి, స్నానం చేసి వస్తేనే ప్రార్థన.

ఆ సాయంత్రం నేను వెళ్లిన క్వార్టర్లో ముందుగదిలోని మంచాన్ని గోడకు నిలబెట్టి చాపలు పరిచారు. రెండు పాటలయ్యాక పాస్టరుగారు ప్రార్థన అవసరతలు చెప్పమన్నారు. పిల్లల పరీక్షలు, కారుణ్య ఉద్యోగం, తాగుడు మానని కొడుకు... ఒక్కొక్కటీ నోట్‌బుక్కులోకి ఎక్కింది. చివర ఒకామె గొంతు సవరించుకుంది. "మా పక్కింటాయనకు ఎల్లుండి ఆపరేషన్ అయ్యగారూ. రక్తం దొరుకుతలేదట."

ఆ పక్కింటాయన చర్చి మెట్లెక్కిన మనిషి కాడు. అయినా అందరూ మోకరించి ఆయన పేరెత్తి ప్రార్థించారు. ఆమెన్ అనగానే ఓ కుర్రాడు అడిగాడు: "ఏ గ్రూపు రక్తమక్కా?"

నాకు ఆ ప్రశ్న కూడా ప్రార్థనలో భాగంగానే వినిపించింది. బట్టలు లేక, తిండి లేక ఉన్నవాణ్ణి ఉత్త దీవెనతో పంపిస్తే ఏం లాభమని యాకోబు పత్రిక రెండో అధ్యాయం నిలదీస్తుంది. తెలంగాణ క్రైస్తవం ఆ నిలదీతకు చాలాసార్లు పనితోనే బదులిచ్చింది. కరువు రోజుల్లో మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ చర్చి కట్టడాన్నే జనానికి పనిగా, ఆ పనిని అన్నంగా మార్చాడు. ఆ చర్చి ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టారు. ఊరు వెలివేసినవాళ్ల పుండ్లు కడిగి కట్లు కట్టిన చోటది. దానికి పెద్ద విరాళమిచ్చిన నర్సాగౌడ్ హిందువు. కష్టంలో ఉన్నవాడి కులమతాలు అడగని ప్రేమకు సాయం కూడా అట్లాగే వస్తుంది కాబోలు.

క్వార్టర్లో టీలు తాగుతుండగానే మిగతా పనులూ తేలిపోయాయి. రక్తమిచ్చేందుకు ఇద్దరు మంచిర్యాల పోతారు. "నాకు సెకండ్ షిఫ్టు, దిగినంక రాత్రి దవాఖానల నేనుంట" అన్నాడొకాయన. పొద్దున అన్నం డబ్బా పంపే పని ప్రార్థన అడిగినామె మీదే పడింది. పాస్టరుగారు నోట్‌బుక్కులో పక్కింటాయన పేరు ఎదుట కొంత ఖాళీ వదిలారు. వచ్చే వారం ఆయన ఎట్లున్నాడో విని, అక్కడ రాసుకున్నాకే కొత్త అవసరతలు అడుగుతారట.