పాలు మానేసిన ఇల్లు

ఆ ఇంటి గుమ్మంలో పాలప్యాకెట్ పడి పదిరోజులైంది. పెరుగు లేదు, రాగిజావ లేదు. కారణం... ఓ సీటీ స్కాన్.

పెద్దాయనకు యాభై దాటాక చేతులు వణకడం మొదలైంది. మాట ముద్దగా వస్తోంది. వయసు మీదపడిందనుకున్నారంతా. ఆమధ్య కొడుకు బండి మీంచి పడితే తలకు స్కాన్ తీశారు. దెబ్బ పెద్దదేం కాదుగానీ మెదడు లోపల రెండువైపులా తెల్లటి మచ్చలు! తండ్రికీ తీయిస్తే అవే. 'కాల్షియం పేరుకుంది' అన్నమాట ఇల్లాలి చెవిన పడింది. అంతే, ఆ సాయంత్రమే పాలబ్బాయిని రావద్దనేసింది.

పాపం, తప్పు పాలది కాదు. డాక్టరుగారు ముందు ఇద్దరికీ రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షలు చేయించారు. ఆ గ్రంథి సరిగా పనిచేయకపోయినా ఇలాంటి మచ్చలే వస్తాయి. విచిత్రమేమిటంటే, దానికి కాల్షియం మాత్రలే ఇస్తారు! వీళ్లకు అంతా మామూలుగానే ఉంది. ఇక అనుమానం జన్యువుల మీదికి మళ్లింది.

1930లో ఇలాంటి ఓ రోగి గురించి రాసిన జర్మన్ వైద్యుడు ఫార్ పేరుతో దీన్ని 'ఫార్స్ డిసీజ్' అంటుంటారు. దీనికి కారణమయ్యే మొదటి జన్యువు ఎస్‌ఎల్‌సీ20ఏ2 దొరికింది మాత్రం 2012లోనే. ఫాస్ఫేటును కణంలోకి చేరవేసే ప్రొటీన్‌ను తయారుచేయించేది అదే. అది చెడితే బయట మిగిలిన ఫాస్ఫేటు కాల్షియంతో కలిసి, కదలికల్ని అదుపుచేసే భాగంలో పేరుకుంటుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఈ లోపం ఉన్నా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. 2018లో బయటపడ్డ ఎంవైఓఆర్‌జీ అలా కాదు, ఇద్దరి నుంచీ రావాలి. మేనరికాలు చేసుకునేవాళ్లు చెవినేసుకోవాల్సిన సంగతే!

ఈ ఇంట్లో దొరికింది మొదటిదే. మచ్చలున్నా కొందరికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. కొడుకు ఇప్పటికీ క్రికెట్ ఆడుతున్నాడు. తండ్రి వణుకు తగ్గించడానికి మందులు రాశారు. మచ్చల్ని కరిగిస్తాయని రుజువైన మందులు మాత్రం లేవు.

చిక్కంతా కూతురితోనే. సంబంధాలు చూస్తున్నారు.

"పరీక్ష పెళ్లయ్యాక చూద్దాంలేవే" అంది తల్లి.

"దాచిపెట్టి చేసుకోవడం నావల్ల కాదమ్మా."

తొందరేం లేదు, చేయించుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం, ముందు జన్యు నిపుణులతో మాట్లాడమన్నారు డాక్టరుగారు. వచ్చే వారానికి టైమ్ తీసుకుంది. వెంట అన్నయ్య వస్తానన్నాడు.

మర్నాడు పాలప్యాకెట్ వచ్చింది. పెద్దాయన కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా తాగే ప్రయత్నంలో ఉన్నారు.