నామధేయం

గత కార్తికమాసంలో మా అమ్మాయి బెంగళూరు నుండి నాలుగు దినాల సెలవు మీద వచ్చి, నన్ను కూర్చోబెట్టి ఒక జపాను దేశపు యానిమేషన్ చిత్రం చూపించింది. చలనచిత్రాలు చూచే అలవాటు నాకు లేదు. బొమ్మల చిత్రమైతే బాలుర వినోదమని నా అభిప్రాయం. "నాన్నగారూ, ఇందులో ఒక దేవాలయం ఉంది, తరతరాలుగా అర్చన చేసే కుటుంబం ఉంది, మీరు చూడాలి" అని అది పట్టుపట్టింది. బిడ్డ మాట కాదనలేక కూర్చున్నాను. ఆ సాయంకాలం నా సంధ్యావందనానికి ముఖ్యకాలం దాటిపోయింది. ప్రాయశ్చిత్తార్ఘ్యం ఇవ్వవలసి వచ్చింది. ఈ వ్యాసం కూడ ఒక విధంగా ప్రాయశ్చిత్తమే.

ఆ చిత్రం పేరు 'కిమి నో నా వా'. 'నీ పేరు' అని దాని అర్థం. 2016లో మకోతో షింకాయి అనే దర్శకుడు నిర్మించాడు. పర్వతాల నడుమ సరస్సు ఒడ్డున ఇతోమొరి అనే గ్రామం, అక్కడ ఆలయసేవ చేసే వంశంలో మిత్సుహ అనే కన్య. టోక్యో మహానగరంలో తకి అనే విద్యార్థి. నిద్రించి లేచేసరికి ఒకరి దేహంలో మరొకరు ఉంటారు. శంకర విజయాలలో అమరుక మహారాజు కథ విన్న మనకు పరకాయప్రవేశం వింత కాదు గనుక దానిని గూర్చి విస్తరించను. ఆ పిల్లలిద్దరూ ఒకరినొకరు చూడకయే, ఒకరి దినచర్యను మరొకరు నడుపుతూ, ఫోనులో వ్రాసి పెట్టుకొన్న మాటల ద్వారా పరస్పరం ఎరుగుతారు. వారి మధ్య ఉన్నది దేశవ్యవధానం మాత్రమే కాదు, మూడు సంవత్సరాల కాలవ్యవధానం కూడ అని తకికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. అతడు వెదకుతూ వెళ్ళేసరికి ఆ గ్రామమే లేదు. తోకచుక్క శకలం పడి మూడేండ్ల క్రితమే నశించింది.

ఒక ఘట్టంలో నాకు జుగుప్స కలిగిన మాట దాచను. ఆ కన్యలు దేవతాసన్నిధిలో అన్నం నమిలి, పాత్రలో ఉమిసి, దానిని పులియబెట్టి నైవేద్యం చేస్తారు. "ఎంగిలి!" అని అప్రయత్నంగా అన్నాను. అమ్మాయి నవ్వి, "మరి కన్నప్ప?" అన్నది. శ్రీకాళహస్తిలో తిన్నడు పుక్కిట నీటితో చేసిన అభిషేకాన్ని స్వామి స్వీకరించాడని వందమార్లు పురాణం చెప్పిన నోరు మూతపడింది.

ఆ పిల్ల అమ్మమ్మ రంగుదారాలను పెనవేస్తూ మనుమరాండ్రకు 'ముసుబి' అనే మాటను బోధిస్తుంది. దారాన్ని ముడివేయడం, మనుష్యులను కలపడం, కాలం ప్రవహించడం, ఇవన్నీ దేవతాశక్తియే అని దాని తాత్పర్యం. మణులన్నింటిలో దారం వలె తాను ఉన్నానని గీతాచార్యుడు చెప్పిన మాట, యజ్ఞోపవీతపు బ్రహ్మముడి, మంగళసూత్రపు మూడు ముళ్ళు నాకు ఒకేసారి స్ఫురించాయి. అక్కడి నుండి ఆ చిత్రం నాకు పరాయిది కాలేదు.

ఇక నా కథ. 1994లో పెద్దలు కుదిర్చిన వివాహం మాది. పాఠశాలలో కృష్ణ యజుర్వేదం క్రమాంతం చదివి వచ్చి, కోనసీమలోని మా అగ్రహారంలో శివాలయ అర్చకత్వం స్వీకరించిన నాకు, భార్యతో ఏమి మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు. పదునాలుగు సంవత్సరాలు ఒకే ఇంట ఉన్నాము. మడి ఆరిందా, నైవేద్యం సిద్ధమా, అమ్మకు మందు ఇచ్చావా, ఇంతకు మించిన సంభాషణ జ్ఞాపకం లేదు. 2008లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఒక దేవాలయం వారు అర్చకునిగా ఆహ్వానించారు. ధార్మిక సేవకులకు వారిచ్చే వీసా గరిష్ఠంగా ఐదేండ్లు. కుటుంబాన్ని తీసుకొని వెళ్ళవచ్చును. కాని మంచం పట్టిన మా అమ్మను, పదకొండేండ్ల అమ్మాయి చదువును వదలి ఆవిడ రాలేకపోయింది. ఇంటి అప్పులు తీరవలసి ఉన్నందున నేను వెళ్ళక తప్పలేదు.

వెళ్ళిన తరువాత గాని మాటలు పుట్టలేదు. అప్పటిలో ఫోను కార్డులు కొనుక్కొని, వెనుకనున్న సంఖ్యను గీకి నొక్కి, మాట్లాడేవాళ్ళము. నిమిషాలు లెక్క గనుక ఏ మాట విలువైనదో మొదటిసారి తెలిసింది. పెరట్లో నూరు వరహాలు పూచాయని, దూడకు జబ్బు చేసిందని, అమ్మాయికి ఎనిమిదో ఎక్కం నోటికి వచ్చిందని చెప్పేది. నేను అక్కడి చలిని గూర్చి, తెలుగు రాని తెలుగు పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడాన్ని గూర్చి చెప్పేవాడిని. నలుబదేండ్ల వయస్సులో, నా భార్యతో నాకు ప్రేమ ఆరంభమయింది. ఈ మాట వ్రాయడానికి సంకోచం ఉన్నది, అసత్యం కాదు గనుక వ్రాస్తున్నాను.

మా ఇద్దరికీ ఒక ముహూర్తం ఉండేది. మార్చి నెలలో విషువత్కాలానికి టెక్సాస్‌లో సాయంకాలం 7.30 గంటలకు సూర్యాస్తమయం. అదే క్షణంలో కోనసీమలో మరునాటి ఉదయం 6 గంటలు, సూర్యోదయం. నేను పశ్చిమాభిముఖుడనై అర్ఘ్యం విడిచే సూర్యుడు, మా వాకిట కొబ్బరిచెట్ల వెనుక లేచే సూర్యుడు ఒక్కడే, ఒక్క క్షణంలోనే. జపం ముగించి ఫోను చేస్తే ఆవిడ కల్లాపి చల్లి, ముగ్గు వేసి, అరుగు మీద కూర్చొని ఉండేది. కోకిల కూతలు వినబడేవి. సెప్టెంబరులో మరల అటువంటి కొన్ని దినాలు. వేసవిలో, శీతకాలంలో ఈ సంధులు గంటకు పైగా ఎడమైపోయేవి. మా సాయంసంధ్య, ప్రాతఃసంధ్య కలిసే ఆ కొద్ది దినాలకై సంవత్సరమంతా ఎదురుచూచేవాడిని.

చిత్రంలో తకి, మిత్సుహ ఒకరినొకరు చూచేది కూడ సంధ్యాకాలంలోనే. పర్వతశిఖరం మీద ఒకే చోట, వేర్వేరు సంవత్సరాలలో నిలిచి ఉన్న వారిద్దరూ సూర్యుడు క్రుంకిన ఆ అల్పసమయంలో ఎదురెదురుగా కనిపిస్తారు. సంధ్యకు జపాను భాషలో ఉన్న ప్రాచీన పదానికి 'అతడెవరు?' అనే ప్రశ్న మూలమని అందులోని ఉపాధ్యాయిని చెబుతుంది. మసక వెలుతురులో ఎదుటివాని ముఖం తెలియదు గనుక అడిగే ప్రశ్న. రెండు కాలాల సంధిని మన ఋషులు ఉపాసనకు కేటాయించారు. వారు దానికి ప్రశ్నయే పేరుగా పెట్టారు.

వెలుతురు పోయేలోగా, మేల్కొన్న తరువాత పేరు మరువకుండ ఉండాలని, అరచేతిలో వ్రాసుకొందామని తకి కలం తీస్తాడు. వ్రాస్తాడు. తరువాత ఆమె చేయి తెరచి చూచుకొంటే అక్కడ పేరు లేదు. నిన్ను ప్రేమిస్తున్నానని ఉంది. ఆ సమయంలో మా ఇంటావిడ చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నది. "ఏం వ్రాశాడే?" అని అమ్మాయిని అడిగింది. అది చెప్పింది. "అయ్యో పిచ్చివాడా, పేరు వ్రాయకపోయావా" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు ఆ మాట గ్రుచ్చుకొన్నది. ఎందుకో చెప్పవలసి ఉంది.

మన ఇండ్లలో గృహప్రవేశ సమయాన ఆడపడుచులు గుమ్మానికి అడ్డు నిలిచి వధూవరుల చేత పేర్లు చెప్పిస్తారు. ఆవిడ నా పేరు పలకడం నేను విన్నది ఆ ఒక్కసారి. నేనూ ఆవిడ పేరు పలికినది అప్పుడే. శ్రేయస్సు కోరేవాడు తన పేరును, గురువు పేరును, జ్యేష్ఠ సంతానం పేరును, భార్య పేరును ఉచ్చరించరాదని స్మృతివచనం ప్రసిద్ధం. "ఇదిగో", "ఏమండీ" అనే రెండు సంబోధనలతోనే కాపురం గడిచింది. టెక్సాస్‌లో దినానికి ఎన్ని గోత్రాలు, ఎన్ని నక్షత్రాలు, ఎన్ని పేర్లు సంకల్పంలో పలికానో లెక్క లేదు. ఆ పేర్లలో ఆవిడ పేరు లేదు. లేదన్న స్ఫురణ కూడ లేదు.

2013లో తిరిగి వచ్చాను. వచ్చిన పదవనాడు మా పినతండ్రి కుమారుడు, నా స్థానంలో ఐదేండ్లు ఆలయం చూచినవాడు, మాటల సందర్భంలో "వదిన ఆపరేషన్ అప్పుడు" అన్నాడు. 2011లో ఆవిడకు గర్భాశయ శస్త్రచికిత్స జరిగింది. కణితి ఎటువంటిదో పరీక్షలో తేలేవరకు అందరికీ ప్రాణభయమే. అన్నగారి ఇంట శుభకార్యమని నాతో చెప్పిన ఆ తొమ్మిది దినాలు ఆవిడ పట్టణంలో ఆసుపత్రిలో ఉంది. నేను ఫోనులో పెండ్లి వంటలను గూర్చి అడిగాను. ఆవిడ చెప్పింది కూడ.

ప్రతిదినం మాట్లాడుతున్నాను గనుక సర్వం ఎరుగుదుననుకొన్నాను. తకి కూడ అట్లే అనుకొన్నాడు.

తమ్ముడు ఇంకొక మాట చెప్పాడు. శస్త్రచికిత్సకు ముందు మండలం దినాలు ఆవిడ ఆలయానికి వచ్చి అర్చన చేయించింది, తన పేరున కాదు, నా పేరున. తన కేమైనా అయితే అక్కడ నేను ఒంటరిగా తట్టుకోవాలని. "పేరు చెప్పనక్కరలేదు వదినా, అన్నయ్య గోత్రనామాలు నాకు తెలియవా" అని వీడంటే, "లేదు, నేనే చెప్పాలి" అని నలుబది దినాలు స్పష్టంగా ఉచ్చరించిందట.

ఇది విని నేనేమి చేయాలి? కోపం తెచ్చుకొన్నాను. నాకు దాచడమేమిటని పది దినాలు మాట్లాడలేదు. ఆవిడ వాదించలేదు. తరువాత ఆ ప్రసంగమే మా ఇంట రాలేదు. నామరూపాలు మిథ్య అని, మట్టి ఒక్కటే సత్యం, కుండ అన్నది మాట మాత్రమేనని ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు బోధించిన దానిని నాకు అనుకూలంగా అన్వయించుకొన్నాను. నదులు నామరూపాలు విడిచి సముద్రంలో కలుస్తాయని ముండకం. నిజమే. కాని నది సముద్రం దాకా ప్రవహించిన తరువాత విడుస్తుంది. నేను పట్టుకోనిదానిని విడిచానని చెప్పుకొన్నాను. చిత్రంలో ఆ పిల్లవాడు పేరు జారిపోతుంటే కొండ మీద విలపిస్తాడు. అది అజ్ఞానమని అనడానికి నాకు నోరు రాలేదు.

అదే చిత్రంలో, మిత్సుహ రైలెక్కి టోక్యో వెళ్ళి, తకి ఎదుట నిలిచి, నన్ను ఎరుగవా అని అడుగుతుంది. మూడేండ్లు వెనుకనున్న అతనికి ఆమె ఎవరో తెలియదు. ఆమె జుట్టుకు కట్టుకొన్న దారాన్ని అతనికి ఇచ్చి దిగిపోతుంది. శకుంతల ఉంగరం అందరికీ స్ఫురిస్తుంది. నాకు అంతకంటె, కాశ్మీర శైవాచార్యుడు ఉత్పలదేవుడు ఈశ్వరప్రత్యభిజ్ఞా కారికల ముగింపులో చెప్పిన దృష్టాంతం స్ఫురించింది. ఎన్నో ప్రార్థనలతో రప్పించుకొన్న ప్రియుడు దగ్గరనే నిలిచినా, ఇతడే అని గుర్తించనంతవరకు ఆ తరుణికి అతడు సామాన్యమానవునితో సమానమే. ఆచార్యుడు దానిని ఆత్మకు, మహేశ్వరునకు చెప్పాడు. నేను ముప్పది ఏండ్లుగా ఆలయంలో ఆయన సన్నిధిని, ఇంట ఈవిడ సన్నిధిని ఉన్నాను.

మరునాడు సోమవారం. రద్దీ తగ్గిన తరువాత ఆవిడ నైవేద్యం తెచ్చి, పళ్ళెం గర్భాలయపు గడప మీద ఉంచింది. అక్షతలు చేతిలోకి తీసుకొని, ఏ భక్తురాలినైనా అడిగినట్లే "గోత్రం? పేరు?" అన్నాను.

"మీకు తెలియదా?" అన్నది.

"నువ్వే చెప్పాలి" అన్నాను.

కొంతసేపు స్వామి వైపు చూచింది. తరువాత చెప్పింది, మొదట నాది, ఆ పిమ్మట తనది. రెండూ పలికి అర్చన చేశాను.