భస్మం కాని ఆనవాలు

అమెరికా రచయిత్రి కేట్ షొపాన్ (1850-1904) రచించిన 'డెజిరే బిడ్డ' అనే కథానిక 1893లో వెలువడింది. కొద్ది పుటలకు మించని ఈ కథ, బానిసత్వం అమలులో ఉన్న కాలపు లూయిసియానాలో జరుగుతుంది. ఇందులో మనుష్యులు పలికేది స్వల్పం. వారు దాచినదానిని వస్తువులు పలుకుతాయి.

మొదటిది ఒక రాతిస్తంభం. వాల్మొండే వారి ముఖద్వారం వద్ద, దాని నీడలో నిద్రిస్తూ ఒక పసిపిల్ల దొరికింది. ఆమె డెజిరే, ఆ పేరుకు 'కోరుకొన్నది' అని అర్థం. పదునెనిమిదేండ్ల తరువాత అదే స్తంభానికి ఆనుకొని నిలిచిన ఆమెను చూసి, పత్తితోటల యజమాని ఆర్మాండ్ మోహించాడు. కన్నవారెవరో తెలియని పిల్ల అని పెంపుడుతండ్రి హెచ్చరించినా, తన ప్రాచీన వంశనామమే ఆమెకు చాలునని తలచాడు. పెండ్లి కానుకలు పారిస్ నుండి వచ్చాయి.

రెండవది నెమలి ఈకల వీవన. ఒక మధ్యాహ్నం బానిస బాలుడొకడు దానితో డెజిరే బిడ్డకు మెల్లగా విసరుతున్నాడు. అతడు నాలుగవ వంతు నల్లరక్తం గలవాడు. లా బ్లాన్ష్ అనే దాసి కొడుకు. ఆ దాసి పేరుకు 'తెల్లనిది' అని అర్థం కావడం గమనింపదగినది. తల్లి చూపు బిడ్డ నుండి బాలునికీ, బాలుని నుండి బిడ్డకూ మరలింది. రెండు ముఖాల పోలిక చూసి ఆమె నెత్తురు గడ్డకట్టింది. తన చేయి భర్త చేతికంటె తెల్లనిదని ఆమె మొరపెట్టుకొన్నా లాభం లేకపోయింది. పుట్టుక తెలియనిది గనుక దోషం ఆమెదే అయింది. పలుచని తెల్లని వస్త్రంతో, బిడ్డను ఎత్తుకొని, ఏటి ఒడ్డున రెల్లుపొదలలోకి నడిచిపోయింది, మరల రాలేదు.

ఆ పిదప పెరటిలో మంట లేచింది. ఊయల, పసిబిడ్డ దుస్తులు, పట్టుచీనాంబరాలు, పెండ్లికి ముందు ఆమె వ్రాసిన లేఖలు, అన్నీ అందులో పడ్డాయి. ఆ లేఖలు తీసిన సొరుగులోనే మరొక ఉత్తరపు ముక్క మిగిలింది. అది ఆర్మాండ్ తల్లి అతని తండ్రికి వ్రాసినది. బానిసముద్ర పడిన జాతిరక్తం ఆమెదే. కొడుకుకు ఆ సంగతి ఎన్నడూ తెలియదని ఆమె తృప్తి. అతడు దానిని అంతకుముందు చదివి ఉన్నాడా? కథ చెప్పదు.

ఆనవాలు ద్వారా సత్యం బయటపడే కథలు మనకు కొత్త కావు. శకుంతల కూడ కన్నవారు విడిచిన శిశువే, భర్త తిరస్కరించిన ఇల్లాలే. కాళిదాసు నాటకంలో ఉంగరం ఆలస్యంగా దొరికినా, తిరిగి కలుసుకొనుటకు వ్యవధి మిగిలింది. షొపాన్ కథలో ఆనవాలు దొరికేనాటికి క్షమించవలసినవారు లేరు.

ఇది కల్పనామాత్రం కాదు. ఈ కథ వెలువడే నాటికి లూయిసియానాలో హోమర్ ప్లెసీ వ్యాజ్యం నడుస్తున్నది. ఎనిమిదవ వంతు మాత్రమే నల్లరక్తం గల ఆయనను, తెల్లవారికి ప్రత్యేకించిన రైలుపెట్టెలో కూర్చున్నందుకు 1892లో నిర్బంధించారు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వేర్పాటునే సమర్థించింది. కంటికి కనబడని రక్తాన్ని కాగితాలలో వెదకే సమాజం అది. రంగుకూ కులానికీ 'వర్ణ'మనే ఒకే మాట గల మనకు ఆ వెదకులాట వింతగా తోచదు.

దాచుకొనుటకు ఏమీ లేని అనాథ అనుమానానికి బలి అయింది. వంశం గలవాని రహస్యం అతని సొరుగులోనే భద్రంగా ఉన్నది. పరాయి పుట్టుకను విచారించే ముందు ఎవరైనా తెరిచి చూసుకోవలసినది ఆ సొరుగునే.