భయం నేర్వని దీవిలో ఒక పగలు

మెలకువ వచ్చేసరికి ఇంజను చప్పుడు ఆగిపోయింది. రాత్రంతా ఊగిన ఓడ ఎక్కడో లంగరు వేసింది. డెక్కు మీదకు వెళ్తే ఎదురుగా నల్లరాళ్ళ ఒడ్డు, రాళ్ళ మీద తెల్లటి రెట్ట చారలు, పైన మబ్బు కమ్మిన ఆకాశం. భూమధ్యరేఖకు కాస్త దిగువనే ఉన్నా స్వెట్టరు లేకుండా నిలబడలేకపోయాను. దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ ప్రవాహం ఈ సముద్రాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లటి నీళ్ళలోనే నాచు, చేప పుష్కలంగా పెరుగుతాయి.

"నాన్నా, అదే ఎస్పానోలా" అంది మా అమ్మాయి.

ఈక్వడార్ తీరానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న గలాపగోస్ దీవుల్లో ఆగ్నేయపు కొసన ఉంది ఎస్పానోలా. విస్తీర్ణం 60 చదరపు కిలోమీటర్లు. ఈ దీవుల్లో ఎంతో పాతది. మనుషులెవరూ ఉండరు. ఆ నవంబరు రోజున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మేం దానికి అతిథులం.

దిగే ముందు గైడు నియమాలు చెప్పింది. తను పక్కనున్న శాన్ క్రిస్టోబల్ దీవిలో పుట్టి పెరిగిన అమ్మాయి. ఒక గైడు వెంట పదహారు మందికి మించి వెళ్ళకూడదు. గుర్తులు పెట్టిన దారి తప్పకూడదు. ఏ ప్రాణికైనా రెండు మీటర్ల దూరంలో ఉండాలి. తిండి పెట్టకూడదు, నీళ్ళు పోయకూడదు, ముట్టుకోకూడదు. "అవి మీ దగ్గరికి వస్తే ఏం చెయ్యాలి?" అని తనే అడిగి, "కదలకుండా నిలబడండి" అని తనే జవాబు చెప్పింది.

పాంగా అని పిలిచే రబ్బరు పడవలో పుంటా సువారెజ్ రేవుకు చేరాం. మెట్టు మీద ఒక సీ లయన్ అడ్డంగా పడుకుని ఉంది. ఎవరూ దాన్ని అదిలించలేదు. దాని తోక పక్కనుంచి ఒక్కొక్కరం జాగ్రత్తగా దిగాం. అది ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

నాలుగడుగులు వేశాక, నేల కదులుతున్నట్టు అనిపించింది. రాళ్ళనుకున్నవన్నీ సముద్రపు ఇగువానాలు. మన ఉడుముల్లాంటి ప్రాణులు, వందల కొద్దీ, ఒకదాని మీద ఒకటి పడి ఎండ కోసం ఎదురుచూస్తున్నాయి. సముద్రంలో మునిగి నాచు మేసే బల్లి జాతి ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే. మిగతా చాలా దీవుల్లో ఇవి నల్లగా ఉంటే, ఇక్కడ ఒంటి మీద ఎరుపు, ఆకుపచ్చ మచ్చలతో మెరుస్తాయి. ఉండుండి తుమ్ముతున్నాయి. మేతతోపాటు మింగిన ఉప్పును ముక్కులోంచి అలా చిమ్మేస్తాయట. వాటి తలల మీద అట్టకట్టిన తెల్లదనం ఆ ఉప్పే.

దారి పక్కన ఒక మాకింగ్ బర్డ్ పరుగున వచ్చి నా బూటు లేసును లాగింది. పొడుగాటి వంపు ముక్కున్న ఈ రకం ఎస్పానోలాలో తప్ప మరెక్కడా లేదు. దీవిలో మంచినీళ్ళు దొరకడం చాలా కష్టం. అందుకే అది మా అమ్మాయి చేతిలోని నీళ్ళ సీసా చుట్టూ తిరిగింది. ఒక్క మూతెడు నీళ్ళు పోస్తే ఏం పోయిందని నా మనసు పీకింది. గైడు తల అడ్డంగా ఊపింది. ఇవాళ మేం పోస్తే రేపు వచ్చేవాళ్ళ దగ్గర అది అడుక్కుంటుంది. నీళ్ళు వెతుక్కునే విద్య మరిచిపోతుంది. దాహంతో ఉన్న పిట్ట ముందు చేతులు కట్టుకుని నిలబడటం ఆ రోజు నాకు అన్నిటికన్నా కష్టమైన పాఠం.

మిట్ట ఎక్కేసరికి నాస్కా బూబీ పక్షులు. తెల్లటి ఒళ్ళు, కళ్ళకు నల్ల ముసుగు. ఒకటి దారికి గజం దూరంలో రెండు గుడ్లు పొదుగుతోంది. రెండూ పొదిగినా ముందు పుట్టిన పిల్ల రెండోదాన్ని గూట్లోంచి నెట్టేస్తుంది. తల్లిదండ్రులు అడ్డుపడవు. మొదటిది చెడిపోతేనే రెండో గుడ్డు అక్కరకొస్తుంది. ఇది చెబుతూ గైడు గొంతు తగ్గించింది.

కొండ అంచున మేం వెతుకుతూ వచ్చిన పక్షి కనబడింది: వేవ్డ్ ఆల్బట్రాస్. ఈ జాతి దాదాపు మొత్తం ఈ ఒక్క దీవిలోనే గుడ్లు పెడుతుంది. రెక్కలు చాస్తే రెండు మీటర్లకు పైనే. మేత కోసం పెరూ తీరం దాకా ఎగిరి వెళ్తాయి. అక్కడ చేపల గాలాలకు, వలలకు చిక్కి ఎన్నో చనిపోతున్నాయి. ఇప్పుడిది అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతి.

రెండు పక్షులు ఎదురెదురుగా నిలబడ్డాయి. పసుపు ముక్కులు ఒకదానికొకటి తాకించి, అటూ ఇటూ తిప్పి, టకటకా కొట్టాయి. అచ్చం కోలాటం. ఉన్నట్టుండి ఆపి, నోరు బార్లా తెరిచి, ఆకాశానికి ముక్కెత్తి కూశాయి. మళ్ళీ మొదలు. జత కుదిరితే బతికినంత కాలం ఆ జతే. పక్కనే ఒక బొద్దు గోధుమరంగు పిల్ల, ఎగరడం ఇంకా రానిది, అమ్మానాన్నల్లో ఎవరైనా మేత తెస్తారని సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఒక పెద్ద పక్షి తడబడే అడుగులతో మా మధ్యలోంచే కొండ కొసకు నడిచి, రెక్కలు విప్పి, గాలిలోకి ఒరిగిపోయింది. కింద రాతి చీలికలోంచి అల ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతోంది. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

మా గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గుర్తొచ్చింది. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి మధ్యనే గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు జోలికి వెళ్ళకపోవడం చూసి చూసి కుదిరిన నమ్మకం అది. ఇక్కడి పిట్టలది వేరే కథ. మనుషులు లేని చోట లక్షల ఏళ్ళు బతికి, వాటికి భయమనేదే తెలియదు. 1835లో వచ్చిన డార్విన్, కొమ్మ మీది గద్దను తుపాకీ మొనతోనే పక్కకు నెట్టగలిగానని రాసుకున్నాడు.

మధ్యాహ్నం గార్డ్‌నర్ బే తెల్ల ఇసుకలో, నిద్రపోతున్న సీ లయన్లకు దూరంగా కూర్చోబెట్టి, ఆ భయం లేనితనానికి దీవి చెల్లించిన వెల ఎంతో గైడు చెప్పింది. తిండీ నీళ్ళూ లేకుండా నెలల తరబడి బతుకుతాయని తిమింగలాల వేటగాళ్ళు పెద్ద తాబేళ్ళను ఓడల అడుగున పేర్చుకుపోయారు. తరవాత వదిలిన మేకలు ఆకు మిగల్చలేదు. 1960ల నాటికి ఎస్పానోలాలో మిగిలినవి పద్నాలుగు తాబేళ్ళు: పన్నెండు ఆడవి, రెండు మగవి. వాటిని శాంతా క్రూజ్ దీవికి తీసుకెళ్ళి పెంచారు. శాన్ డియేగో జూలో ఉన్న డియేగో అనే మగ తాబేలును కూడా తెచ్చి కలిపారు. 1978 నాటికి దీవిలో మేక అన్నది లేకుండా చేశారు. ఆ పదిహేనింటి సంతానం దాదాపు రెండు వేలు ఈ నేలకు తిరిగొచ్చాయి. 2020 జూన్‌లో ఆ ముసలి తాబేళ్ళను కూడా సొంత దీవిలో వదిలిపెట్టారు.

పొద్దుట నన్ను చూసి కన్ను మూసుకున్న సీ లయన్ గుర్తొచ్చింది. మనం ఏం చేశామో దానికి తెలియదు. తెలిసింది మనకే. ఆ రెండు మీటర్ల దూరం, పోయని ఆ మూతెడు నీళ్ళు, అర్ధ శతాబ్దపు ఆ తాబేళ్ళ పెంపకం, అన్నీ ఒకే బాకీకి కడుతున్న వాయిదాలనిపించింది.

సాయంత్రం పాంగా ఓడను ఆనుకోగానే ఒక నావికుడు గొట్టంతో మా కాళ్ళు కడిగాడు. ఒక దీవి విత్తనం, పురుగు మరో దీవికి చేరకూడదు. మా వైపు ఇంటికొచ్చిన చుట్టానికి గడప దగ్గరే కాళ్ళకు నీళ్ళిస్తాం. ఇక్కడ వెళ్ళిపోయే చుట్టానికి ఇస్తున్నారు. వేళ్ళ సందున మిగిలిన కాస్త తెల్ల ఇసుకను నేనే వంగి కడిగాను. అది డెక్కు అంచు మీదుగా జారి, తన నీళ్ళలోకే వెళ్ళిపోయింది.