అద్దముపై ఆవరణము



మాయకు ఆవరణశక్తి, విక్షేపశక్తి అని రెండు శక్తులు కలవని వేదాంతశాస్త్రము బోధించుచున్నది. ఉన్నదానిని కప్పివేయునది మొదటిది. లేనిదానిని ఉన్నట్లు చూపునది రెండవది. 30 ఏండ్లు పాఠశాలలో తెలుగు, సంస్కృతములు బోధించిన నేను ఈ రెండు పదములను ఎన్ని పర్యాయములు ఉచ్చరించియుంటినో లెక్కలేదు. అయినను వాటి అర్థము కొంతైనను నా అనుభవమునకు వచ్చినది గ్రంథపఠనమువలన కాదు. మహబూబ్‌నగరములోని ఒక చిన్న దుకాణమునందు, కారు అద్దములకు సన్ ఫిల్మ్ అంటించుట నేర్చుకొన్న 11 దినములలో అది కలిగినది. ఆ వృత్తాంతమును మీతో పంచుకొనుటకే ఈ వ్యాసము.

నా సహధర్మచారిణికి లూపస్ అను వ్యాధి వచ్చినదని రెండేండ్ల క్రిందట వైద్యులు నిర్ధారించిరి. శరీరమును రక్షింపవలసిన శక్తియే శరీరముపై తిరుగబడు వ్యాధి ఇది. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు సోకినచో అనేకులలో ఇది ఉద్రేకించును. ఉదయముననే సూర్యునకు నమస్కరించి తులసికోటకు నీరు పోయుటతో దినము ఆరంభించు ఆమె, ఆనాటినుండి తూర్పు కిటికీ మూసికొని కూర్చుండవలసి వచ్చినది. ఆమె పుట్టినిల్లు నల్లగొండ ప్రక్కనున్న పానగల్లు. అచ్చటి ఛాయా సోమేశ్వరుని కార్తికమాసమున దర్శించుట ఆమెకు బాల్యమునుండి వచ్చిన నియమము. రెండు కార్తికములు గడచిపోయినవి. “ఒక్కసారి సోమేశ్వరుణ్ణి చూసొస్తే బాగుండు” అని ఒకనాడు అన్నది. మరల ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవుటయే నన్ను ఎక్కువగా బాధించినది.

వ్యాధి వచ్చినప్పుడు వైద్యుడు మందు వ్రాయును, రోగి దానిని సేవించును. భర్తకు చేయుటకు ఏమియు మిగులదు. అట్టి స్థితిలో వైద్యుడు చెప్పిన ఒక మాట నాకు ఊతమైనది. కారు ముందు అద్దము రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది గనుక ఆ కిరణములను చాలవరకు ఆపును. ప్రక్క అద్దములు ఒంటి పలకలు. వాటిగుండా ఆ కిరణములలో ఒక రకము, చర్మము లోతునకు చొచ్చునది, గణనీయముగా లోనికి వచ్చును. మంచి ఫిల్మ్ అంటించినచో అది దాదాపు పూర్తిగా నిలిచిపోవును. ఈ పనినైనను నా చేతులతో చేయవలెనని నాకు తోచినది.

దుకాణదారుడు ఒకప్పటి నా శిష్యుడే. చివరి బల్లపై కూర్చుండి, శబ్దరూపములు అప్పజెప్పలేక నాచేత ఎన్నియోసార్లు నిలబెట్టబడినవాడు. నా కోరిక విని క్షణకాలము మౌనముగా నుండి, “సారూ, నేనే ఏసిస్త. మీకెందుకు కష్టం?” అనెను. నేను పట్టు విడువలేదు. “గట్లయితే ముందు పాత అద్దం మీద నేర్చుకోండ్రి. అమ్మ కూసునే బండి మీద నేర్చుకునుడు వద్దు” అని, తుక్కు దుకాణమునుండి తెచ్చిన ఒక కారు తలుపును నా యెదుట నిలబెట్టెను. జ్ఞానమును కోరువాడు నమస్కారముతోను, ప్రశ్నతోను, సేవతోను గురువును సమీపింపవలెనని గీతాచార్యుడు నాలుగవ అధ్యాయమున బోధించెను గదా! ప్రశ్న, సేవ నాకు సులభముగనే సాధ్యమైనవి. శిష్యుని యెదుట మనసులో తల వంచుటకు మాత్రము కొన్ని దినములు పట్టినది.

మొదటి వివాదము ఫిల్మ్ ఎంపికలోనే వచ్చినది. ఉన్నవాటిలో మిక్కిలి నల్లనిది కావలెనని నేనంటిని. అతడు తల అడ్డముగా ఊపి, “నల్లది ఏస్తే చలాన్ రాస్తరు. అది పక్కకు పెట్టండ్రి. అమ్మకు పడని కిరణాలకు నలుపుతోటి పని లేదు సారూ. అవి మన కండ్లకు కనపడయి గద” అనెను. అతడు చెప్పినది సత్యము. ఫిల్మ్ రంగునుబట్టి అది అతినీలలోహిత కిరణములను ఎంత ఆపునో నిర్ణయింపజాలము. రంగులేని ఫిల్మ్ సైతము వాటిని ఆపగలదు.

శాసనమును గూర్చి కూడ తెలిసికొంటిని. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 100వ నిబంధన ప్రకారము ముందు, వెనుక అద్దములగుండా కనీసము 70 శాతము, ప్రక్క అద్దములగుండా కనీసము 50 శాతము కాంతి ప్రసరింపవలెను. అవిషేక్ గోయెంకా వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న, నలుపుదైనను మరేదైనను అద్దముపై ఫిల్మ్ అంటించుటయే కూడదని తీర్పు చెప్పెను. తరువాత నిబంధన మారి, 2021 ఏప్రిల్ నుండి ప్లాస్టిక్ పొర కలిగిన భద్రతా అద్దమునకును అందు స్థానము కలిగినది. దానిని ఆధారము చేసికొని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఆ 70, 50 శాతముల హద్దులకు లోబడిన ఫిల్మ్ దోషము కాదనెను. ఇచ్చట ఒక లెక్క కలదు. అద్దము స్వయముగనే కొంత కాంతిని ఆపును. మా కారు ప్రక్క అద్దమును శిష్యుడు మీటరుతో కొలువగా 78 శాతము చూపినది. దానిపై 50 శాతము ఫిల్మ్ వేసినచో మిగులునది 39 శాతమే, అది హద్దు మీరినట్లు. 70 శాతము ఫిల్మ్ వేసినచో సుమారు 55 శాతము నిలుచును. వెనుక అద్దమునకు పూర్తిగా రంగులేనిది తప్ప వేరు మార్గము లేదు.

లెక్క అర్థమైనను నా మనస్సు నలుపునే కోరుచుండెను. ఇంటికి వచ్చి ఈ సంగతి ఆమెతో చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “కాపాడనీకా అండీ, దాచిపెట్టనీకా?” అని అడిగినది.

నేను బదులు చెప్పలేకపోతిని. వ్యాధివలన ఆమె చెక్కిళ్ళపై ఎఱ్ఱని మచ్చలు వచ్చినవి. దారిలో ఎవరైనను చూచి ప్రశ్నింతురను సంకోచము ఆమెకు లేదు, అది నాది. దానిని ఆమె క్షేమము అను పేరుతో కప్పి, ఆమెయే కోరుచున్నట్లు భావించుకొంటిని. ఉన్నదానిని కప్పుట, లేనిదానిని చూపుట: నేను తరగతిలో బోధించిన రెండు శక్తులును నాయందే ఒక్కసారిగా పని చేయుచుండెను. “నల్లగ చెయ్యకండ్రి. నాకు తొవ్వ కనపడాలె, చేన్లు కనపడాలె” అన్నది ఆమె. 70 శాతము ఫిల్మ్ నిశ్చయమైనది.

మరునాడు అభ్యాసము ప్రారంభించితిని. మొదట అద్దమును కడుగవలెను. నీటిలో కొన్ని చుక్కల బేబీ షాంపూ కలిపి చిమ్మి, బ్లేడుతో గీకి, రబ్బరు పట్టీతో నీటిని లాగి, మరల చిమ్మి, మరల గీకవలెను. రెండుసార్లు కడిగి, “శుభ్రమైనది నాయనా” అంటిని. “కండ్లతోటి కాదు సారూ, చెయ్యి పెట్టి చూడండ్రి” అనెను. వ్రేళ్ళకు సన్నని గరుకు తగిలినది. ఆ పూట అట్లే అంటించి చూచితిని. పొర క్రింద నక్షత్రమండలమువలె దుమ్ము కనబడినది. దర్పణమును మలినము కప్పినట్లు జ్ఞానమును కామము కప్పునని మూడవ అధ్యాయములో భగవానుడు చెప్పిన దృష్టాంతమును ఎందరికో వివరించితిని. కాని కప్పియున్న మలినము కంటికి కనబడకనే యుండునని, దానిపై మరొక పొర పడినప్పుడే బయటపడునని నాకు ఆనాడు తెలిసినది.

రెండవ దినమున అతడు పంకా ఆపి, నేలపై నీళ్ళు చల్లి, సంకోచించుచు, “సారూ, ఏమనుకోకండ్రి. ఆ కండువా తీసి ఆడ పెట్టండ్రి. పోగులు రాల్తున్నయి” అనెను. సన్మానసభలో కప్పిన కండువా అది. తీసి మేకునకు తగిలించితిని.

ఫిల్మ్‌నకు వెనుక అంటియుండు పలుచని రక్షణపొరను ఒలుచునప్పుడు అది గాలిలోని ధూళిని ఆకర్షించును గనుక, ఒలుచుచునే నీటిని చిమ్ముచుండవలెను. జిగురువైపు పొడి వ్రేలు తగిలినచో ఆ ముద్ర అట్లే నిలిచిపోవును. అందుచేత చేతులు సదా తడిగా నుండవలెను. తడి అద్దముపై ఫిల్మ్ తేలుచు ఇటునటు జరుగును. సరిగా కుదిరిన పిమ్మటనే నడుమనుండి అంచులకు, ఒక వరుసపై మరొక వరుస కొంచెము పడునట్లు, పట్టీతో నీటిని వెడలగొట్టవలెను. నాలుగవ దినమున తొందరపడి అంచునుండి లాగితిని. మడత పడినది. ఫిల్మ్‌పై పడిన మడత ఎంత నిమిరినను పోదు. ఆ ముక్కను పారవేయవలసినదే. అట్లు పారవేసినవి నావి ఏడు ముక్కలు. ప్రతి ముక్క వెలను లెక్కవ్రాసి, శిష్యుడు వద్దన్నను చెల్లించితిని.

తొమ్మిదవ దినమున అతడు ఒకరి కారు వెనుక అద్దమునకు ఫిల్మ్ సిద్ధము చేయుచుండెను. ఆ అద్దము రెండు దిక్కులకును వంపు తిరిగియుండును, ఫిల్మ్ మాత్రము సమతలము. వంపుపై పరచినప్పుడు అంచులలో ముడుతలు లేచును. అద్దము వెలుపలివైపున పరచి, హీట్ గన్ వేడితో ఆ ముడుతలను కొద్దికొద్దిగా కుంచింపజేసి అద్దపు రూపమునకు తేవలెను. వేడి చాలనిచో ముడుత నిలుచును, మించినచో ఫిల్మ్ మాడిపోవును. రహదారిపై లారీలు గర్జించుచుండెను. నేను రెండుసార్లు పిలిచితిని. అతనికి వినబడలేదు. శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధములో అవధూత యదుమహారాజునకు తన 24 గురువులను పేర్కొనును. వారిలో ఒకడు శరకారుడు. బాణమును సరిచేయుటలో లగ్నమైన అతనికి ప్రక్కనుండి రాజు పరివారముతో వెడలిన సంగతియే తెలియదు. ఆ కథను చదివి చెప్పినవాడను నేను. చదువకయే దానిని ఆచరించుచున్నవాడు నా యెదుట ఉండెను. ఆనాటికి నా తల నిజముగా వంగినది.

11వ దినమున మా కారు ప్రక్క అద్దములు నాలుగును నేనే చేసితిని. వెనుక అద్దమును శిష్యుడు చేసెను. అందలి సన్నని వేడితీగలపై బ్లేడు తగులరాదు గనుక అది నావంటి నూతనాభ్యాసి చేయదగినది కాదు. పని ముగిసిన పిమ్మట చూడగా, ఎడమవైపు వెనుక తలుపు అద్దములో, సరిగా ఆమె కూర్చుండు స్థలమున, ఆవగింజంత ధూళికణము ఒకటి చిక్కుకొనియుండెను. అక్కడక్కడ మసక, చిన్న నీటిబొట్లు కూడ ఉండెను. నా ముఖము వాడిపోయినది. “నీళ్ళు నాలుగు రోజుల్ల ఆరిపోతయి సారూ. అప్పటిదాంక అద్దాలు దించకండ్రి. దుమ్ము మాత్రం పోదు. ఉండనీయండ్రి” అనెను. కాలము తీర్చు దోషమేదో, తీర్చనిదేదో ఎరుగుట వివేకము. తీరనిదానిని పీకబోయి మొత్తమును చెడగొట్టకుండుట అంతకన్న కష్టము. ఆమె ఆ చుక్కను చూచి, “దిష్టిచుక్క పెట్టిండ్రు గద, మంచిగయింది” అని నవ్వినది. ఆ నవ్వు విని చాల కాలమైనది.

కార్తిక సోమవారమునాడు తెల్లవారుజామున బయలుదేరితిమి. ఫిల్మ్ ఉన్నదని జాగ్రత్తలు మానలేదు. వైద్యుడు చెప్పిన లేపనము, పొడవు చేతుల రవిక, గొడుగు అన్నియు ఉండెను. జడ్చర్ల దాటునప్పటికి తెల్లవారినది. త్రోవప్రక్క బుట్టలలో సీతాఫలములు, కల్వకుర్తి దాటిన పిమ్మట విచ్చిన ప్రత్తిచేలు. ఆమె అద్దమునకు దగ్గరగా ఒరిగి చూచుచునే యుండెను. కొండమల్లేపల్లి యొద్ద ఆగినప్పుడు ఎవరో స్త్రీ లోనికి చూచి చిరునవ్వు నవ్వగా, ఆమెయు నవ్వినది. మచ్చలను గూర్చి ఎవరును అడుగలేదు. అడిగినను ఆమె చెప్పియుండెడిది.

పానగల్లులోని ఆ దేవాలయమును కందూరు చోళుల కాలమునాటిదిగా చెప్పుదురు. గర్భాలయములో లింగము వెనుక గోడపై ఒక స్తంభపు నీడ పగలంతయు నిలిచియుండును. సూర్యుడు కదలును, నీడ కదలదు. అది ఏ ఒక్క స్తంభపు నీడయు కాదు. పలు స్తంభముల నడుమనుండి వచ్చు వెలుగు అట్లు కూడి ఏర్పడునట్లు శిల్పులు నిర్మించిరి. ఆమె ఆ నీడను చూచుచు చాలసేపు నిలిచినది. నేను ఆమెను చూచుచు నిలిచితిని. వెలుగునకు వెఱచి రెండేండ్లు చీకటిలో కూర్చుండినవారము. వెలుగును పూర్తిగా మూయక, అపాయకరమైన అంశమును మాత్రము వారించు నీడ ఒకటి ఉండునని ఇద్దరమును ఆనాడు తెలిసికొంటిమి.

ఆమె వ్యాధి తగ్గలేదు. మందులు సాగుచున్నవి. ఆ ధూళికణము కూడ అద్దములో అట్లే ఉన్నది. ఎప్పుడైనను ఆమె మేలు పేరిట ఏదైనను కప్పబోవునప్పుడు నా చూపు దానిపై పడును. “కాపాడనీకా, దాచిపెట్టనీకా?” అను ప్రశ్న వినబడును. సాధకులారా, మనము ధరించు ప్రతి ఆవరణమును ఈ ప్రశ్నతో పరీక్షించుకొందము గాక!

సర్వం శ్రీపరమేశ్వరార్పణమస్తు.