మూడు మీటర్ల తీగ

నేను సెన్‌హైజర్ మనిషిని. మా హాస్టల్లో ఈ మాట గట్టిగా అంటే ఇద్దరు ముగ్గురు మీద పడతారు. నా రూమ్మేటు బోట్ అభిమాని. బేస్ లేకపోతే అది పాటే కాదంటాడు. ఎదురు రూములో ఒకడున్నాడు, సోనీ తప్ప వేరే కంపెనీలు కూడా హెడ్‌ఫోన్లు చేస్తాయన్న సంగతే వాడికి పట్టదు. రేపు పరీక్ష ఉన్నా ఈ గొడవ ఆగదు. ఎవడి హెడ్‌ఫోన్ వాడికి ఇలవేల్పు.

నా దేవుడు మరీ పేద దేవుడు. హెచ్‌డీ 206 అని, ఆ కంపెనీ చవక మోడళ్ళలో ఒకటి. ప్లాస్టిక్ ఒళ్ళు, దాని మీద గీతలు. అదీ కొత్తది కాదు. నేను ఫస్టియర్లో ఉండగా ఫైనలియర్ అన్న ఒకాయన గది ఖాళీ చేస్తూ బకెట్టు, టేబుల్ ఫ్యాను, ఇదీ కలిపి ఎనిమిది వందలకు ఇచ్చిపోయినాడు. ఫ్యాను ఆ ఎండాకాలమే కాలిపోయింది. బకెట్టు ఎవరో ఎత్తుకుపోయినారు. మిగిలింది ఇదే.

దీని తీగ మూడు మీటర్లు. ఫోను జేబులో వేసుకుని తిరిగేవాళ్ళ కోసం చేసింది కాదు, ఇంట్లో టీవీకో మ్యూజిక్ సిస్టమ్‌కో తగిలించి దూరంగా కూర్చునేవాళ్ళ కోసం చేసింది. నేను దాన్ని చుట్ట చుట్టి రబ్బరుబ్యాండు వేసుకుని తిరిగేవాణ్ణి. "ఏం రా, చేంతాడు తీసుకోని ఊరబావికి పోతాండావా?" అనేవాడు రూమ్మేటు.

మొదటి రాత్రి దాంట్లో విన్నది 'గీతాంజలి' పాటలు. 1989 సినిమా, ఇళయరాజా సంగీతం. కళ్యాణదుర్గం బస్సుల్లో, పెళ్ళి పందిళ్ళలో, మిషను కుట్టే మామ కొట్లో వందసార్లు విన్నవే. వాటి అడుగున ఒక బేస్ గిటార్ ఉందని ఆ రాత్రి తెలిసింది. అది తాళం కోసం ఊరికే దుమ్ దుమ్ అనడం లేదు. గొంతు ఒక దారిన పోతుంటే పక్కనే ఇది తన పాట తాను పాడుకుంటూ పోతోంది. ఇన్నాళ్ళూ ఉంది, నాకే వినపడలేదు. మన జిల్లా వాళ్ళకు ఇంకోలా చెప్తాను: ఇరవై ఏళ్ళు పైన నడిచిన చేను కింద నీళ్ళున్నాయని ఒక రాత్రి తెలిస్తే ఎట్లుంటుంది? అట్లుండింది.

ఆ తర్వాత మామూలు రోగమే. కంపెనీ చరిత్ర చదవడం మొదలుపెట్టినాను. యుద్ధం అయిపోయిన కొద్ది వారాలకే, 1945లో, జర్మనీలో హానోవర్ దగ్గర ఒక పల్లెలో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ అనే ఇంజనీరు తోటివాళ్ళతో కలిసి చిన్న ల్యాబు పెట్టినాడు. మొదట చేసింది వోల్ట్‌మీటర్లు. ఈ ముక్క చదివినాక మన ల్యాబులో వోల్ట్‌మీటరును కొంచెం గౌరవంగా పట్టుకున్నాను, వారం రోజులు. 1968లో హెచ్‌డీ 414 అనేది వచ్చింది. అంతవరకు హెడ్‌ఫోన్ అంటే చెవిని బరువుగా మూసేసే డిప్ప. వీళ్ళు వెనక భాగం తెరిచి, పసుపుపచ్చ స్పాంజి ముక్కలు పెట్టి, గాలి ఆడేటట్టు చేసినారు. 1997లో వచ్చిన హెచ్‌డీ 600 ఇంకా తయారవుతూనే ఉంది. అన్నేళ్ళు ఒకే మోడలు! దాన్ని ఏ భాగానికా భాగం విప్పొచ్చు. స్పాంజి అరిగితే స్పాంజి, తీగ పోతే తీగ మార్చుకోవచ్చు. అభిమానులు ధ్వని గురించి ఎంత కవిత్వం చెప్పినా, సగం ప్రేమ ఈ స్పేర్ పార్టుల మీదే అని నా అనుమానం.

కవిత్వానికేం తక్కువ లేదు. హెచ్‌డీ 650కి 'తెర' ఉందని, పాటకూ చెవికీ మధ్య పల్చటి గుడ్డ కట్టినట్టు ఉంటుందని ఒక వర్గం. ఆ మెత్తదనమే దాని అందమని ఇంకో వర్గం. ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు. నేను ఆ హెడ్‌ఫోన్‌ను ఫొటోలో తప్ప చూడలేదు. అయినా నేను రెండో వర్గం.

ఇంజనీరింగ్ చదువుతున్నాం కాబట్టి కొలతల మాట కూడా చెప్పాలి. జెరోన్ బ్రీబార్ట్ అనే ఆయన 283 హెడ్‌ఫోన్లను కొలిచి 2017లో ఒక పేపరు వేసినాడు. ఏ హెడ్‌ఫోన్ ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పలికిస్తుందన్నదానికీ దాని ధరకూ సంబంధం కనపడలేదు. హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ బృందం ఇంకా తెలివైన పని చేసింది. ఒకే హెడ్‌ఫోన్ తలకు పెట్టి, లోపల ఈక్వలైజర్‌తో రకరకాల హెడ్‌ఫోన్ల ధ్వనిని పలికించి, ఏది బాగుందో చెప్పమన్నారు. పేరు తెలియదు, బరువు తెలియదు, బిగువు తెలియదు. చెవి ఒక్కటే జడ్జి. మేము రూములో ఒకడి కళ్ళకు తువ్వాలు కట్టి చేద్దామనుకున్నాం గానీ కుదరలేదు. నా దాన్ని తలకు పెట్టగానే పట్టకారు పట్టినట్టు బిగుసుకుంటుంది, గుడ్డివాడైనా గుర్తుపడతాడు.

కాబట్టి కొలతల ప్రకారం నా ప్రేమకు ఆధారం లేదు. సరే. ఆధారం ఎక్కడుందో వెతకాలంటే మా ఇంటికి పోవాల్సి వచ్చింది.

మా నాయనకు హెడ్‌ఫోన్ల గురించి తెలియదు గానీ కంపెనీ పిచ్చి బాగా తెలుసు. ఆయనది టెక్స్‌మో. బోరు మోటారంటే టెక్స్‌మోనే. "అది కాలదు రా" అంటాడు. మా చిన్నాయనది సీఆర్ఐ. గట్టు మీద కూర్చుంటే ఇద్దరికీ ఇదే వాదన, మా హాస్టలుకు ఏమాత్రం తీసిపోదు. రెండూ కోయంబత్తూరు కంపెనీలే కదా అని ఒకసారి అన్నందుకు ఇద్దరూ ఒకటై నన్ను తిట్టినారు. తమాషా ఏమంటే, మా బోర్లో నీళ్ళు అయిపోయి మోటారు పైకి తీసి షెడ్లో పెట్టినాక కూడా ఆ వాదన ఆగలేదు.

నీళ్ళ సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే దించుకుంటాయి. ఈశాన్యం వానలు కోస్తా దాటి మన దాకా వచ్చేసరికి గుక్కెడు మిగులుతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ చెనక్కాయకు కావాల్సిన రోజున కాదు. అందుకే అందరూ కిందికి తవ్వుకుంటూ పోయినారు. ఆ తవ్వే పనిలోనే మా నాయన పదకొండేళ్ళు ఉన్నాడు. బోరు బండి మీద హెల్పరు. ఆ బండి పక్కన నిలబడినవాళ్ళకు తెలుసు. కంప్రెసర్ గాలి తోసే శబ్దం, కింద సుత్తి రాయిని కొట్టే శబ్దం, రాడ్డుకు రాడ్డు బిగించేటప్పుడు ఇనుము మీద ఇనుము మోగే శబ్దం. మన కింద ఉన్నదంతా గట్టి రాయి. రాత్రంతా కొట్టేవాళ్ళు. చెవుల్లో దూది పెట్టుకునేవాడు, అంతే.

పోయిన సంవత్సరం ఫోన్లో ఒక మాట జరిగింది. మెస్ బిల్లుకు పంపిన డబ్బు సరిపోయిందా అని అడిగినాడు.

"చాలు నాయనా."

"కాలుకేమైంది రా?"

రూములో అందరం నవ్వినాం. ఆయన మాత్రం ఆ రాత్రంతా నా కాలు విరిగిందనే అనుకున్నాడట, పొద్దున అమ్మ చేసి చెప్పింది. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

దసరా సెలవులకు పోయినప్పుడు హెడ్‌ఫోన్ తీసుకుపోయినాను. పాటలు వినిపిద్దామనే. మంచం మీద కూర్చోబెట్టి పెట్టినాను. "బాగుంది, ఇంకా పెంచు" అన్నాడు. పెంచినాను. "ఇంకా." నాకు బయటికే వినపడుతోంది. అప్పుడు పాట ఆపి ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ తీసినాను. వినపడితే చెయ్యెత్తమన్నాను. 250 హెర్ట్‌జ్, ఎత్తినాడు. 500, 1000 కూడా. 2000 దగ్గర కొంచెం పెంచాల్సి వచ్చింది. 4000 దగ్గర చెయ్యి కదల్లేదు. "ఎయ్‌రా" అంటున్నాడు. "వేసినా నాయనా." హెడ్‌ఫోన్ తీసి నా చెవికి పెట్టుకున్నాను. ఈల మోగుతానే ఉంది, సూది గుచ్చినట్టు. 8000 వేస్తే, ఆశ్చర్యం, చెయ్యి మళ్ళీ సగం లేచింది.

పెద్ద శబ్దాల దగ్గర పనిచేసేవాళ్ళ చెవి ఇట్లనే పోతుందని తర్వాత చదివినాను. సరిగ్గా 4000 చుట్టూ గుంత పడుతుంది. అచ్చులు కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి కాబట్టి అవి వినపడతాయి. స, శ, చ, త, క లాంటివి పైన ఉంటాయి, అవి రాలిపోతాయి. అందుకే ఆయన ఎప్పుడూ "ఇనపడతాంది రా, ఏమంటాండావో తెలీలేదంతే" అనేది. మేమేమో సాకు అనుకునేవాళ్ళం. చాలు, కాలు, సాలు, తాలు, అన్నీ ఆయనకు ఒట్టి 'ఆలు'గానే చేరుతున్నాయన్నమాట. ఈ మాట చెప్తే అమ్మ నవ్వింది. నవ్వి, ఇంకో సంగతి కూడా చెప్పింది. ముందటేడు చెనక్కాయలు అమ్మేటప్పుడు రేటు సరిగ్గా వినపడక, మళ్ళీ అడగడానికి నామోషీ అయ్యి, తల ఊపి వచ్చేసినాడట. ఎంత పోయిందో అమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ నెలలోనే పెద్దాసుపత్రికి తీసుకుపోయినాను. అక్కడ తీసిన గ్రాఫులో కూడా అదే గుంత. లోపల ఉండే సన్నటి కణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవని, మిషను పెట్టుకుంటే మాటలు కొంత మెరుగవుతాయని చెప్పినారు. మా నాయన ఒక్కటే మాట అన్నాడు. "అది పెట్టుకుంటే ఊర్లో చెవిటోడంటారు." యాభై దాటని మనిషి. ఎంత చెప్పినా వినలేదు. ఈ 'వినలేదు' వేరే రకం.

మీలో కంపెనీ వార్తలు చదివేవాళ్ళకు తెలిసే ఉంటుంది. 2021లో సెన్‌హైజర్ తన హెడ్‌ఫోన్ల వ్యాపారాన్ని సోనోవా అనే స్విట్జర్లాండ్ కంపెనీకి అమ్ముతున్నట్టు ప్రకటించింది. సోనోవా అసలు పని చెవి మిషన్లు. అప్పట్లో అభిమానులంతా ఏడ్చినారు, చెవిటోళ్ళ కంపెనీ మన ధ్వనిని ఏం చేస్తుందోనని. నేనూ ఆ ఏడుపులో ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఇంకో సిగ్గు కూడా ఉంది. వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్ళు, అంతకు మించి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన ఫ్లోర్‌లో రాత్రి రెండింటికి పక్క మంచానికి వినపడేటట్టు పెట్టుకుని పడుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మా నాయనకు కనీసం కూలి ఇచ్చి చెవులు తీసుకున్నారు. మనం ఎదురు డబ్బులిచ్చి మరీ ఇచ్చుకుంటున్నాం.

అసలు సంగతికి వస్తాను. సెలవులు అయిపోయి బయలుదేరే రోజు నాకు ఒకటి తట్టింది. మా నాయన బటన్ ఫోన్లో హెడ్‌ఫోన్ బెజ్జం ఉంది. నా కొత్త ఫోన్లో లేదు, దానికొక తోక తగిలించుకోవాలి. నా హెడ్‌ఫోన్‌కు మైకు లేదు గానీ, మైకు లేని పిన్ను గుచ్చితే ఫోను తన మైకునే వాడుకుంటుంది. ఫోను ముందు పెట్టుకుని మాట్లాడితే చాలు. రెండు చెవులకూ గొంతు వస్తుంది. డిప్పలు మూసి ఉంటాయి కాబట్టి వాకిట్లో ట్రాక్టరు శబ్దం అడ్డం రాదు. 24 ఓమ్‌ల హెడ్‌ఫోన్, బటన్ ఫోను కూడా సులభంగా మోస్తుంది. పక్క గదిలోకి పోయి ఫోన్ చేసినాను.

"చాలు" అన్నాను.

కొంచెంసేపు ఆగి, "చాలా? సాలా?" అన్నాడు.

కాలు కాదు. అంతవరకు వచ్చింది.

అది చెవి మిషను కాదని, వాల్యూమ్ ఇంతకు మించకూడదని చెప్పి, ఎన్ని గీతల దగ్గర ఆపాలో అమ్మకు చూపించి వచ్చినాను. మిషను సంగతి మళ్ళీ సంక్రాంతికి ఎత్తాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాత్రం నామోషీ లేదాయనకు. పిల్లోళ్ళంతా పెట్టుకుంటారు కదా. మంచం నుంచి ఛార్జింగ్ పెట్టిన ఫోను దాకా తీగ సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు నేను రూమ్మేటు పాత బోట్‌తో వింటున్నాను. బేస్ ఎక్కువే. వాడు చూసి మురిసిపోతుంటాడు, మతం మార్చినట్టు. 'గీతాంజలి'లో ఆ గిటారు ఇందులో కూడా వినపడుతోంది, ఎక్కడుందో తెలిసిపోయింది కదా.

మొన్న ఆదివారం ఇంటికి చేస్తే మా చిన్నాయన పక్కనే ఉన్నట్టున్నాడు. నెత్తి మీద అదేంది, ఎంత పెట్టినారు దానికి, ఎన్నాళ్ళు వస్తుంది అని అడుగుతున్నాడు. మా నాయన గొంతు వినపడింది, వినపడనివాళ్ళు మాట్లాడేటట్టు కొంచెం గట్టిగా:

"జర్మనీ కంపెనీది రా. కాలదు."